డచెస్ గడ్డం మీద పసుపు

ఏప్రిల్ 7

డచెస్ ఇవాళ కూడా పచ్చి మాంసం ముట్టుకోలేదు. వాసన చూసింది, నా మొహం చూసింది, వెనక్కి తిరిగి పడుకుంది. బ్రూస్‌గాడు మాత్రం ఒక ముక్క నోట కరుచుకుని సోఫా కిందకి ఒకటే పరుగు. తినడానికి కాదు, దాచడానికి. వాసన వచ్చాక వెతికి తియ్యడం నా పని.

ఇంటి ఓనరు లిన్ ఆస్పత్రికి వెళ్ళి నాలుగు రోజులు. తుంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇంకో రెండు వారాలు నడక నేర్పించే వార్డులో ఉంచుతారట. ఈ పరాయి దేశంలో, గిరావీన్‌లో ఈ పాతిల్లు, ఆవిడ పెంచుకునే ముంగిసల్లాంటి రెండు ఫెర్రెట్లు, నేను. వెనక గదిలో అద్దెకున్నదాన్ని, ఇల్లంతటికీ పెద్దదిక్కునయ్యాను!

ఫ్రిజ్ మీద ఆవిడ కాగితం అంటించి వెళ్ళింది. డ్రై ఫుడ్ రోజూ కొంచెం తగ్గించు. పచ్చి మాంసం కొంచెం పెంచు. వెట్, అదే జంతువుల డాక్టరమ్మ, చెప్పింది, వాటి ఒంటికి అదే మంచిది. మొండికేస్తే మాంసం రసం పెదాలకి రాయి, నాకి నాకి అలవాటు పడతాయి. ఏమీ కలపకు. ఆ చివరి మాట కింద రెండు గీతలు.

సాయంత్రం మెసేజ్ — ఎనీ గుడ్ న్యూస్, గుడ్ న్యూస్?

నా పేరు సువార్తకి అర్థమేంటని చేరిన రోజే అడిగింది. చెప్పాను. అప్పట్నించీ అయితే సువీ, లేకపోతే గుడ్ న్యూస్.

డచెస్ కూడా తింటోంది అని కొట్టేశాను. చప్పట్ల బొమ్మ కూడా పెట్టాను.

ఎందుకంటే... తుంటి ఆపరేషనై మంచం మీదున్న మనిషికి బెంగ ఎందుకని. రెండ్రోజుల్లో ఎలాగూ తింటుంది కదా.

ఏప్రిల్ 8

సోఫా కింద మూడు ముక్కలు. ఒకటి నిన్నటిది కాదు. అబ్బా, ఆ కంపు!

ఏప్రిల్ 10

కోడి రెక్కలు, గుండెకాయలు, కాస్త లివరు. గిన్నెలో పోసి, ఉప్పూ పసుపూ వేసి పిసికి, రెండు నీళ్ళతో కడగడం. తర్వాత సన్నగా తరిగి చెరో గిన్నెలో. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వాటికి ఎక్కువసేపు కడుపు ఖాళీగా ఉండకూడదట, అందుకే యూనివర్సిటీ క్లాసుల మధ్యలో పరిగెత్తుకొస్తున్నా. నాకు నేను వండుకున్నది మాత్రం వారంలో ఒకటే రోజు.

అదీ కిటికీలన్నీ తెరిచి. లిన్ ఇంట్లో లేకపోయినా సరే. చేరిన కొత్తలో ఒకసారి చేపల పులుసు పెట్టాను. మర్నాడు స్టవ్ పక్కన లావెండర్ కొవ్వొత్తి కనబడింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. ఆ కొవ్వొత్తి ఇప్పటికీ అక్కడే ఉంది, దాన్ని చూసినప్పుడల్లా నా జుట్టు వాసన చూసుకుంటాను.

డచెస్ — సున్నా. పెదాలకి రాస్తే తల విదిలించి కార్పెట్‌కి మూతి తుడుచుకుంది.

ఏప్రిల్ 11

అమ్మ ఫోన్.

"ఏంటే, ఎలకలకి కోడిమాంసమా?"

ఎలక కాదమ్మా, ముంగిసలాగా పొడుగ్గా ఉంటుంది.

"ముంగిసని ఇంట్లో పెట్టుకుని మేపుతోందా మహాతల్లి! పోనీలే. శుభ్రంగా కడుగుతున్నావా?"

కడుగుతున్నా.

"తినట్లేదంటే నీచు పోలేదన్నమాట. పసుపు పట్టించి ఓ పది నిమిషాలు వదిలెయ్యి. నోరు లేనిదైనా ప్రాణమే కదే."

మాంసం కడగడంలో మా అమ్మకి రేపల్లె మొత్తంలో పోటీ లేదు. క్రిస్మస్ ముందు రోజు చర్చి వెనక బిర్యానీకి కోళ్ళు కడగడానికి ఆడవాళ్ళంతా బారుగా కూర్చుంటారు, అమ్మ చేతులు మోచేతుల దాకా పచ్చగా. నేను కడిగినవి మళ్ళీ తీసి కడిగేది.

సరే. పది నిమిషాలు. రేపట్నించి.

ఏప్రిల్ 14

కిచెన్ త్రాసు మీద కూర్చోబెట్టాను. లిన్ నోట్‌బుక్‌లో కిందటి నెల 810 గ్రాములు. ఇప్పుడు 750. మళ్ళీ తూచాను. 750.

బరువెంత అని లిన్ మెసేజ్. నోట్‌బుక్ చూసి 805 అన్నాను, అందులోనూ అదే రాసిపెట్టాను. 810 అంటే అనుమానం వస్తుందని ఒక అయిదు తగ్గించాను. అబద్ధానికి ఎంత ఒద్దికో!

ఫోటో పెట్టమంది. బ్రూస్ తిన్న ఖాళీ గిన్నె పక్కన డచెస్‌ని కూర్చోబెట్టి తీశాను. తెల్లటిది, ఎర్ర కళ్ళు, ముసలిది, గిన్నె వైపు కూడా చూడట్లేదు. కెమెరా వైపే చూసింది.

ఛీ.

ఏప్రిల్ 17

ఇవాళ ఫుడ్ సైన్స్ క్లాసులో కోడిమాంసం, బాక్టీరియా. సార్ అడిగారు, ఇంట్లో పచ్చి చికెన్ కడిగేవాళ్ళు చేతులెత్తండి. ఒక్కరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నా పక్కన నెల్లూరు పిల్లా ఎత్తలేదు, ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

ఎందుకు కడక్కూడదు? నేనే లేచి చెప్పాను — నీళ్ళు చిందుతాయి, సింకు నిండా, గట్టు నిండా క్రిములు పాకుతాయి, ఉడికిస్తే ఎలాగూ చస్తాయి. ఎక్సలెంట్ అన్నారు.

ఇంటికొచ్చాను. రెండో నీళ్ళు పారబోస్తుంటే గానీ గుర్తు రాలేదు నేనేం చేస్తున్నానో. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. వీటికి ఉడికించేది కూడా లేదాయె, పచ్చిదే పెడుతున్నా, కాబట్టి పసుపు ఇంకో చిటికెడు ఎక్కువ వేస్తే మంచిదే కదా అనిపించింది. వేశాను. రసంలో కూడా కొంచెం.

లిన్ కాగితం చూశాను. ఏమీ కలపకు. అంటే మసాలాలు, సాసులు. పసుపు కలపడం ఎలా అవుతుంది? అది కడగడంలోది.

ఏప్రిల్ 18

సున్నా.

ఏప్రిల్ 21

బుధవారం లిన్ వచ్చేస్తోంది. అప్పటికి రెండూ పూర్తిగా పచ్చి మాంసం మీద ఉంటాయని చెప్పేశాను, చెప్పిందానికి తగ్గట్టు చెయ్యాలి కదా. డ్రై ఫుడ్ డబ్బా తీసి నా గదిలో దాచాను. బ్రూస్ తింటున్నాడు, ముక్కు చీదుతూ అయినా సరే. డచెస్‌కి రోజుకి ఆరేడు సార్లు రసం పెదాలకి, చిగుళ్ళకి రాస్తున్నాను. ఒళ్ళో బిగించి పట్టుకుని. గింజుకుంటుంది. చిన్న చిన్న కాళ్ళతో నా మణికట్టు తోసేస్తుంది.

తర్వాత భయమేసి, డబ్బాలోంచి గుప్పెడు డ్రై ఫుడ్ తెచ్చి నా మంచం మీద పెడతాను. గబగబా తినేస్తుంది పాపం. తిన్నాక నా అరచెయ్యి నాకుతుంది.

ఎవరికీ తెలియకుండా తిండి పెడుతున్నాను, దాని తిండి దానికే! ఏం మనిషినే నేను.

ఏప్రిల్ 24

లిన్ వచ్చింది.

వాకర్ పట్టుకుని అడుగులో అడుగు వేసుకుంటూ హాల్లోకి వచ్చి, కోటు కూడా విప్పకుండా, "నా పిల్లలేరీ" అంది. తెచ్చిచ్చాను. డచెస్ ఆవిడ మెడలో దూరింది. నవ్వింది లిన్. తర్వాత నవ్వు ఆగింది.

ఒక్క చేత్తో గడ్డం పైకెత్తింది. పెదవి పైకి లాగి చిగుళ్ళు చూసింది. చెవి మడిచి చూసింది.

"ఓ నో. నో, నో, నో."

తెల్లటి గడ్డం పచ్చగా ఉంది. మూతి చుట్టూ, ముందు కాళ్ళ మీద కూడా. రోజూ చూస్తున్నాను కదా, నాకు కనబడనేలేదు. చిగుళ్ళు లేత పసుపు. ఇంతకుముందు మేబెల్ అని ఇంకోటి ఉండేదట ఆవిడకి. అది పచ్చబడింది. వారం తిరక్కుండా పోయింది. కాలేయం. "సేమ్ కలర్, సువీ. సేమ్ కలర్" అంటూ ఏడుస్తోంది ఆవిడ.

నేను నా పచ్చటి గోళ్ళు చూసుకున్నాను.

గోళ్ళు చూసుకుని, స్వెట్టర్ చేతులు కిందకి లాక్కుని వేళ్ళు దాచుకున్నాను.

ఒక్క మాట. లిన్, అది పసుపు. అంతే. మూడు సెకన్ల పని. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా తెలుసు — ఏమీ కలపకు అన్న కాగితం ఆవిడ వెనకే ఉంది ఫ్రిజ్ మీద. పక్కనే స్టవ్, దాని పక్కన ఆ కొవ్వొత్తి. దాని తిండిలో కూడా నా కూర వాసన పెట్టానా అనుకుంటుందని. పదిహేడు రోజులు తింటోంది తింటోంది అని కొట్టిన మెసేజులు. మా సువీ ఫుడ్ సైన్స్ చదువుతోంది అని వార్డులో నర్సులకి కూడా చెప్పిందట.

రేపు ఆన్‌జాక్ డే, దేశమంతా సెలవు. వెట్ మూసుంటుంది. ఎల్లుండి పొద్దున్నే తీసుకురమ్మన్నారు.

ఏప్రిల్ 25

పసుపు డబ్బా నా బట్టల అలమారలో పెట్టాను. దొంగసొత్తు దాచినట్టు.

లిన్ స్నానానికి వెళ్ళినప్పుడు డచెస్ గడ్డం సబ్బుతో రుద్దాను. ఎర్రగా అయిపోయింది! పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మా ఇంటి పక్క రెండో క్లాసు పిల్లకి కూడా తెలుసు. ఫుడ్ సైన్స్ మాస్టర్స్‌కి గుర్తు రాలేదు. ఇటుక రంగు గడ్డంతో అది నన్ను చూస్తోంది, బాత్రూంలో నీళ్ళు ఆగిన చప్పుడు. నిమ్మకాయ కోసి, తడి గుడ్డతో తుడిచి తుడిచి మళ్ళీ పచ్చగా చేశాను. పచ్చబడ్డందుకు దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. సిగ్గులేని మొహం.

మధ్యాహ్నం మాంసం కడగలేదు. పాకెట్లోంచి తీసి, రక్తంతో సహా, అలాగే తరిగి పెట్టాను. డచెస్ గూటిలోంచి ముక్కు బయటపెట్టింది. వచ్చింది. గిన్నెలో తల పెట్టి ఎత్తలేదు. మొత్తం తినేసింది, గిన్నె అంచులు కూడా నాకింది.

ఇన్నాళ్ళూ నేను నీచు అని కడిగి పారబోసిందే దానికి కావలసింది. దానికి అదే కమ్మటి వాసన.

సంతోషంగా లిన్‌ని పిలిచాను, చూడు చూడు తింటోంది అని. నిన్నటిదాకా తింటోందనే కదా చెప్పాను, ఇవాళ కొత్తగా ఏం సంతోషమో... ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. చూసి ఇంకా ఏడ్చింది. మేబెల్ కూడా పోయేముందు రోజు ఇలాగే ఆబగా తిందట.

అప్పుడు కూడా చెప్పలేదు.

ఏప్రిల్ 26

వెట్ దగ్గర.

డాక్టరమ్మ చిన్న లైటు వేసి కళ్ళు చూసింది, చిగుళ్ళు చూసింది. "కళ్ళు బాగానే ఉన్నాయి, చిగుళ్ళే... అర్థం కావట్లేదు." త్రాసు మీద పెట్టింది. బాగా తగ్గింది అంది. లిన్ నోట్‌బుక్ తీసింది, అందులో నేను రాసిన 805. రెండు త్రాసుల్లో తేడా ఉంటుందిలే అని లిన్ తనే సర్దిచెప్పుకుంది.

"తిండిలో ఏమైనా కొత్తది? ఏమైనా కలిపారా?"

"ఏమీ లేదు. సువీ నేను రాసిందాన్ని తు.చ. తప్పకుండా చేస్తుంది" అని లిన్. ఇంగ్లీషులో ఏదో అంది, నాకు అలా వినబడింది.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. నన్నే అడిగింది. నా కళ్ళలోకి చూసి అడిగింది.

నథింగ్, అన్నాను.

ఇదివరకు చెప్పలేదు, అంతే. ఇప్పుడు అబద్ధం చెప్పాను. రెండూ ఒకటి కావు, నాకు తెలుసు.

రక్తం తియ్యాలంటే మత్తు గ్యాస్ ఇవ్వాలట, లేకపోతే కదులుతుంది. ఆరేళ్ళది, ఈ వయసులో రిస్కే అని ముందే చెప్పి సంతకం తీసుకుంది. లిన్ ఒక చెయ్యి వాకర్ మీదుంటే కాగితం నేను పట్టుకున్నాను. నా గోళ్ళ పక్కనే ఆవిడ సంతకం.

నలభై నిమిషాలు. ఇరవైలో అయిపోతుందన్నారు. లేవడానికి ఆలస్యమైంది, గుండె నెమ్మదించింది, ఒక దశలో భయపడ్డాం అంది డాక్టరమ్మ. టవల్లో చుట్టి తెచ్చారు. మెడ దగ్గర బొచ్చు గొరిగేశారు, గులాబీ రంగు చర్మం, సూది గుచ్చిన చోట నల్లటి చుక్క. తల నిలబెట్టలేకపోతోంది.

లిన్ నా చెయ్యి పట్టుకుని థాంక్యూ లవ్ అంది. దేనికి లిన్, దేనికి.

ఏప్రిల్ 27

తింటోంది. పడుకుంటోంది. మెడ గోక్కుంటోంది. నేను పుస్తకం తెరిచి కూర్చున్నాను, ఒక్క అక్షరం ఎక్కలేదు.

ఏప్రిల్ 28

లిన్ పొద్దున అడిగింది — మీ చర్చి వాళ్ళని డచెస్ కోసం ఒక ప్రార్థన చెయ్యమంటావా. సిగ్గుపడుతూ అడిగింది. ఆవిడకి చర్చి అలవాటు లేదు.

కాదని ఎలా అంటాను? చీటీ రాసి మా తెలుగు చర్చి పాస్టరు అయ్యగారికిచ్చాను. ఆయన మైకులో చదివారు: మన సహోదరి సువార్త ఉంటున్న ఇంటి యజమానురాలు లిన్ అమ్మగారి పెంపుడు డచెస్, పచ్చకామెర్లతో బాధపడుతోంది. అందరూ లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, గట్టిగా. రాజమండ్రి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన మామ్మగారు తర్వాత నన్ను పట్టుకుని "పాప వయసెంతమ్మా, పెంచుకున్న పిల్లా?" అని కళ్ళు తుడుచుకుంది.

ఆరేళ్ళండీ అన్నాను.

మామ్మగారికి కూడా నిజం చెప్పలేదు. జంతువు అంటే ఆవిడ ఏడుపు వృథా అయిపోతుందేమోనని... నేనింతే ఇక. నోరు తెరిస్తే ఇదే.

ఏప్రిల్ 29

రిజల్ట్స్. కాలేయం శుభ్రంగా ఉంది. లిన్ వాకర్ వదిలేసి నన్ను పట్టుకుంది, ఇద్దరం పడబోయాం.

కానీ డాక్టరమ్మ ఊరుకోలేదు. పచ్చ ఎందుకొచ్చిందో తెలియాలి. వచ్చి పోయే కామెర్లు మరీ ప్రమాదం, పిత్తాశయంలో ఏదో అడ్డం పడి ఉండొచ్చు. మే 7న మళ్ళీ మత్తిచ్చి స్కాన్ చేద్దాం. "దీని వయసుకి రెండోసారి నాకూ ఇష్టం లేదు. కానీ చూడకుండా వదిలెయ్యలేం."

ఎనిమిది రోజులు.

మే 2

పచ్చ పోయింది. గడ్డం మళ్ళీ తెల్లగా. పోదా మరి, డబ్బా అలమారలో ఉంటే!

మరిక స్కాన్ ఎందుకు, మానేద్దాం అన్నాను, ఏదో మామూలుగా అన్నట్టు. లిన్ ఒప్పుకోలేదు. మేబెల్ అప్పుడు కూడా ఆ వారంలోనే ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చిందట, మత్తుకి భయపడి పరీక్ష చేయించలేదట. "నా పిరికితనంతో దాన్ని పోగొట్టుకున్నాను సువీ. ఈసారి అలా కాదు."

అప్పుడు ఆవిడ పిరికితనం. ఇప్పుడు నాది. ఎప్పుడూ పోయేది మాత్రం ఆ నోరులేని ప్రాణమే.

ఆదివారం చర్చికి వస్తానంటోంది. మీవాళ్ళకి థాంక్స్ చెప్పాలి అని.

మే 5

మా చర్చి గ్రేస్ ఆంటీ కారు తెచ్చింది. లిన్ నీలం గౌను వేసుకుంది, లిప్‌స్టిక్ కూడా. చర్చి జరిగే స్కూలు హాల్లో మొదటి వరసలో కూర్చోబెట్టారు. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో అయ్యగారు లిన్‌ని పిలిచారు, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి అర్థమయ్యేలా ఆవిడ మాటల్ని నన్ను తెలుగులో చెప్పమన్నారు.

వాకర్ పట్టుకుని నిలబడింది. పక్కన నేను.

"మా ఆయన పోయినప్పటి నుంచి నేను చర్చిలో అడుగు పెట్టలేదు." చెప్పాను.

"నా మొహం కూడా తెలియని మీరు నా డచెస్ కోసం ప్రార్థన చేశారు." చెప్పాను. స్తోత్రం, స్తోత్రం అన్నారు అందరూ.

"దాని జబ్బు తగ్గింది. డాక్టర్‌కే అర్థం కాలేదు." అదీ చెప్పాను. హల్లెలూయా! మామ్మగారు చేతులెత్తేసింది.

అప్పుడు లిన్ నా భుజం మీద చెయ్యి వేసింది. ఈ పిల్ల లేకపోతే నేనేమైపోయేదాన్నో, కన్నకూతురు కూడా ఇంత నమ్మకంగా చూడదు, అంది.

హాలంతా ఎదురు చూస్తోంది. ఫ్యాను చప్పుడు. ఆ మాట తెలుగులో రాదు నాకు, నా నోటితో రాదు.

గ్రేస్ ఆంటీ పక్కున నవ్వింది. "తన గురించి కదా, సిగ్గుపడుతోంది మా పిల్ల! నేను చెప్తానుండండి." లేచి చెప్పింది, లిన్ అనని మాటలు ఇంకో నాలుగు కలిపి. చప్పట్లు.

అవును ఆంటీ, సిగ్గే. మీరు సరైన మాటే వాడారు.

తర్వాత పులిహోర, కోడి కూర. లిన్ రెండోసారి అడిగి పెట్టించుకుంది. కారంగా ఉంది లవ్, కానీ ఆపలేకపోతున్నా, అంది. ఆ కొవ్వొత్తి సంగతి అడుగుదామనుకున్నాను. కారులో అడిగేశాను కూడా. ఏ కొవ్వొత్తి? అంది. తర్వాత గుర్తొచ్చి — ఓ, అదా, ఎవరో పుట్టినరోజుకి ఇచ్చారు, పెట్టడానికి చోటు లేక అక్కడ పెట్టాను.

ఇంటిదాకా కిటికీలోంచి బయటకే చూస్తూ కూర్చున్నాను.

మే 6

అద్దం ముందు ఇంగ్లీషులో చెప్పి చూసుకున్నాను. లిన్, దేర్ ఈజ్ సంథింగ్... సినిమాలో డైలాగులా ఉంది. తెలుగులో చెప్పి చూసుకున్నాను. ఏడుపొచ్చింది.

ఆవిడ గది దాకా వెళ్ళాను. డచెస్ పడుకునే చిన్న మెత్త ఆవిడ ఉతికి ఆరేసింది, రేపు దాన్ని తీసుకెళ్ళే పెట్టెలో, క్యారియర్‌లో వెయ్యడానికి. టీ తాగుతావా అంది. తాగి వచ్చేశాను.

మే 7

స్కాన్ తొమ్మిదిన్నరకి.

ఎనిమిదికి లిన్ హాల్లో క్యారియర్ తలుపు తెరిచి పట్టుకుంది. డచెస్ లోపలికి వెళ్ళనంటోంది. నాలుగు కాళ్ళూ అడ్డం పెట్టేసింది. పోయినసారి అలా చెయ్యలేదు, దానికి గుర్తుంది. లిన్ బతిమాలుతోంది, "ఇంకొక్కసారి నా తల్లీ, ఇంకొక్కసారే" అన్నట్టు ఏదో. కాస్త పట్టుకో సువీ అంది.

పట్టుకున్నాను. చేతుల్లో గుండె టకటకా కొట్టుకుంటోంది. తోయాలి లోపలికి.

తొయ్యలేకపోయాను. కింద కూర్చుండిపోయాను దాన్ని పట్టుకుని. చెప్పేశాను. అద్దం ముందు చెప్పుకున్నది ఒక్క ముక్కా రాలేదు. పసుపు అన్నాను. ఎల్లో పౌడర్ అన్నాను. మేం మాంసం దాంతో కడుగుతాం, అమ్మ అలాగే నేర్పింది, కలపడం అనుకోలేదు, కడగడం అనుకున్నాను. పెదాలకి రాసింది అదే. అది ఎప్పుడూ జబ్బు పడలేదు. నువ్వొచ్చిన రోజే నాకు తెలుసు.

అలమారలోంచి డబ్బా తెచ్చి చూపించాను. ఎందుకు తెచ్చానో. నమ్మదేమోనని.

లిన్ మూత తీసి వేలు ముంచింది. వేలు చూసుకుంది.

"వచ్చిన రోజే తెలుసా?"

అవును.

"వెట్ నిన్ను అడిగినప్పుడు."

అవును.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండు. పసుపు గురించి ఒక్క మాట అనలేదు. మాంసం గురించి అనలేదు. బరువు గురించి నేనే చెప్పాను, 750 అని, డ్రై ఫుడ్ డబ్బా గురించి చెప్పాను, తల ఊపింది.

చివరికి ఒక్కటే అంది. నెమ్మదిగా. "అంతమంది ముందు నన్ను అలా నిలబడనిచ్చావు."

తల కొట్టేసినట్టయింది.

వెట్‌కి ఫోన్ చేసి స్కాన్ వద్దని నువ్వే చెప్పు, అంది. చేశాను. ఆవిడ ముందే. రిసెప్షన్ అమ్మాయి కారణం అడిగింది. టర్మరిక్ అన్నాను. సారీ? అంది. మళ్ళీ అన్నాను. స్పెల్లింగ్ అడిగింది. ఒక్కొక్క అక్షరం చెప్పాను. లిన్ వింటోంది. డాక్టర్‌కి చెప్తాను, ఆవిడే మీకు ఫోన్ చేస్తుంది అంది ఆ అమ్మాయి.

లిన్ డచెస్‌ని నా చేతుల్లోంచి తీసుకుంది. బ్రూస్‌ని కూడా చంకలో పెట్టుకుంది. ఒక్క చేత్తో వాకర్ తోసుకుంటూ వెళ్తోంది, పడిపోతుందని లేచాను. వద్దన్నట్టు చెయ్యి చూపించింది. గది తలుపు వేసుకుంది.

పదకొండు. క్లాసుకి వెళ్ళలేదు. అయ్యగారికి కూడా చెప్పాలి, మామ్మగారికీ. గ్రేస్ ఆంటీకి ఎలా చెప్పను... బట్టలు సర్దుకోవాలో, వద్దో. ఆవిడ పొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

పన్నెండు. వాటికి తిండి వేళ. మాంసం తీశాను. కడగలేదు, తరిగాను, రెండు గిన్నెల్లో పెట్టాను. తలుపు కొట్టాను. లిన్, వాటికి తిండి, అన్నాను.

లోపల్నించి "అక్కడ పెట్టు" అంది.

గుమ్మం దగ్గర పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. లోపల డచెస్ తలుపు గోకుతోంది, ఇక్కడికి వినబడుతోంది. దానికి వాసన తెలిసింది. తలుపు ఇంకా తెరవలేదు.